గుండెగదిలో ఎడతెగని చదువు

మానవ శరీరములో సెలవు దినమెరుగని అవయవము గుండె. నిమిషమునకు 72 మార్లు చొప్పున కొట్టుకొన్నను అది ఒక దినములో లక్షకు పైగా కొట్టుకొనును. ఒక్కొక్క పెట్టునకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును బయటికి నెట్టును. అనగా నిమిషమునకు అయిదు లీటర్లు. దినమునకు ఏడువేల లీటర్ల పైమాట. ఇంత పని చేయు కండరమునకు తన ఆహారము కూడ ఎడతెగక అందవలెను గదా! తనలోనుండి ప్రవహించు రక్తమును గుండె నేరుగా వాడుకొనజాలదు. బృహద్ధమని మొదటనే బయలుదేరు రెండు సన్నని హృద్ధమనులే దానికి ఆధారము.

నెల్లూరు జిల్లా పడమటి మండలములలో నిమ్మతోటలకు బిందుసేద్యపు గొట్టములు వేయుట పలువురు చూచియుందురు. గొట్టములో ఒకచోట మట్టి చేరి పూడినచో ఆ తరువాతి చెట్లు మాత్రమే వాడును. తక్కిన తోట పచ్చగనే యుండును. గుండెపోటు కూడ ఇట్టిదే. హృద్ధమని లోపలి గోడలో పేరుకొన్న క్రొవ్వు పొర చిట్లినపుడు దానిపై రక్తము గడ్డకట్టి దారి మూసికొనును. ఆ దారిపై ఆధారపడిన కండరము మాత్రము ప్రాణవాయువు లేక చచ్చుటకు మొదలిడును. కాని ఒక భేదము కలదు. వాడిన నిమ్మచెట్టునకు మరునాడు నీరు పెట్టినను కోలుకొనవచ్చును. గుండె కండరమునకు అంత గడువు లేదు. కొన్ని గంటలలోనే అది శాశ్వతముగా నశించి మచ్చగా మారును.

చేజర్లనుండి లెక్క

చేజర్ల అనగా పల్నాటిలో కపోతేశ్వరాలయమున్న చేజర్ల కాదు; ఆత్మకూరు దరినున్న నెల్లూరు జిల్లా చేజర్ల. ఇచ్చట ఒక రైతు వేకువను నాలుగు గంటలకు మోటారు వేయబోయి, రొమ్ము మధ్యలో బరువు పెట్టినట్లు నొప్పి కలిగి, చెమటలు పోసి కూర్చుండిపోయినాడనుకొందము. అతని గుండె ధమనిని తెరచుటకు రెండు మార్గములు కలవు. ఒకటి, గడ్డను కరగించు మందును నరములోనికి ఎక్కించుట. రెండవది, సన్నని గొట్టమును ధమనిద్వారా గుండెవరకు పంపి, దాని కొనయందలి బుడగను ఉబ్బించి దారి తెరచి, లోహపు జల్లెడ గొట్టమును, అనగా స్టెంటును, అచ్చట నిలుపుట. రెండవ మార్గమే మేలైనది. కాని అది సకాలములో జరిగినప్పుడే మేలు.

వైద్యశాస్త్రము ఈ సకాలమును నిమిషములలో చెప్పుచున్నది. రోగి ఆసుపత్రి గడప తొక్కిన 10 నిమిషములలోపల ఇ.సి.జి. తీయవలెను. బుడగ చికిత్స చేయగల ఆసుపత్రికి నేరుగా వచ్చినచో 90 నిమిషములలో ధమని తెరువబడవలెను. రోగమును గుర్తించిన తరువాత 120 నిమిషములలో బుడగ చికిత్స అందు అవకాశము లేనిచో, ఆలస్యము చేయక, అరగంటలోపల గడ్డను కరగించు మందు ఇచ్చి, పిమ్మట పెద్ద ఆసుపత్రికి పంపవలెను.

కాథెటరు గదులున్న ఆసుపత్రులు నెల్లూరు పట్టణములో కలవు. చేజర్లనుండి పొదలకూరు మీదుగా పోయినను, ఆత్మకూరు, సంగము మీదుగా పోయినను ప్రయాణమునకే గంటకు పైగా పట్టును. వాహనము దొరకుటకు పట్టు కాలము, ఆసుపత్రిలో సిద్ధమగుటకు పట్టు కాలము దీనికి కలుపవలెను. కావున ఈ రైతు ప్రాణము చాలవరకు తొలుత అతనిని చూచు చిన్న ఆసుపత్రి మీద ఆధారపడియున్నది. అర్ధరాత్రి, తెల్లవారుజామున అట్టి ఆసుపత్రిలో రోగికి ఎదురు వచ్చునది సాధారణముగా నర్సు.

పట్టణములో నున్నంత మాత్రమున భయము లేదనుకొనరాదు. ఆత్మకూరు శాసనసభ్యులు, రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరి 21న హైదరాబాదులో గుండె ఆగి మరణించిరి. సంగము వద్ద పెన్నపై కట్టిన బారేజికి ఆ సంవత్సరమే వారి పేరు పెట్టబడినది. మహానగరములో నున్నవారికే ఒక్కొక్కప్పుడు చికిత్సకు వ్యవధి చిక్కనపుడు, పల్లెవారికి ప్రతి నిమిషము ఎంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

నర్సు లేనిదే మొదలు లేదు

గుండెలోనికి గొట్టము పంపు విద్య ఒక నర్సు సహాయముతోనే ప్రారంభమైనది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె పట్టణ ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువ వైద్యుడు ఈ ప్రయోగము చేయ తలపెట్టెను. పైవారు అనుమతింపలేదు. శుద్ధిచేసిన పనిముట్లు గెర్డా డిట్సెన్ అను నర్సు అధీనములో నుండెను. ప్రయోగము తనపై చేయుటకు ఆమె ఒప్పుకొనెను. వైద్యుడు ఆమెను బల్లకు కట్టి, ఆమెపై చేయుచున్నట్లు నటించుచు, తన చేతి సిరలోనే గొట్టమును దూర్చుకొనెను. పిదప ఆమె కట్లు విప్పి, ఇద్దరును మెట్లు దిగి ఎక్సురే గదికి పోయిరి. 65 సెంటీమీటర్ల గొట్టము లోనికి పోయి దాని కొన గుండె కుడి కర్ణికను చేరెను. ఫోర్స్‌మన్‌కు ఆనాడు లభించినవి చీవాట్లు. 1956లో లభించినది నోబెల్ బహుమానము. కూర్నాండ్, రిచర్డ్స్ అను మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ గౌరవమును వారితో పంచుకొనిరి.

1958లో అమెరికాలోని క్లీవ్‌లాండులో మేసన్ సోన్స్ అను వైద్యుడు బృహద్ధమనిలో రంగుమందు ఎక్కించుచుండగా గొట్టము అనుకొనక కుడి హృద్ధమనిలోనికి జారి, మందు దానిలో నిండిపోయెను. రోగి గుండె కొన్ని క్షణములు ఆగెను. సోన్స్ అతనిని గట్టిగా దగ్గుమనిరి. దగ్గుతో గుండె మరల కదలెను. ఆ పొరపాటునుండియే హృద్ధమనులను ఎక్సురేలో చూచు విధానము పుట్టినది. 1977 సెప్టెంబరు 16న జూరిక్ నగరములో ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ మొదటిసారిగా బుడగతో హృద్ధమనిని తెరచిరి. 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లాండులలో స్టెంటులు వాడుకలోనికి వచ్చినవి. 1990ల దశకములో హైదరాబాదులో హృద్రోగ నిపుణులు డాక్టరు సోమరాజు, క్షిపణి శాస్త్రజ్ఞులు అబ్దుల్ కలాం కలసి తక్కువ వెలకు 'కలాం-రాజు స్టెంటు'ను రూపొందించిరి. క్షిపణులకై నేర్చిన లోహవిద్య గుండెకు ఉపకరించినది.

నర్సు స్థానమును పూర్తిగా మార్చినది 1960ల దశకము. అంతకు ముందు గుండెపోటు రోగులు ఆసుపత్రి వార్డులలో అక్కడక్కడ పరుండెడివారు. సుమారు నూటికి ముప్పది మంది ఆసుపత్రిలోనే చనిపోయెడివారు. అందు పలువురి మరణమునకు కారణము గుండె లయ తప్పి వణకుట. దానిని విద్యుదాఘాతముతో సరిచేయవచ్చునని తెలిసినను, వైద్యుడు పరుగెత్తి వచ్చుసరికి ఆలస్యమయ్యెడిది. రోగులందరిని ఒకచోట చేర్చి, తెరపై గుండె లయను ఎడతెగక గమనింపవలెనను ఆలోచన 1961, 1962 సంవత్సరములలో బ్రిటనులోను అమెరికాలోను రూపుదాల్చినది. ఫిలడెల్ఫియాలో డాక్టరు లారెన్స్ మెల్ట్‌జర్, నర్సు రోజ్ పిన్నియో ఇంకొక అడుగు ముందుకు వేసిరి. లయను గుర్తించుట, వైద్యుని కొరకు ఎదురు చూడక విద్యుదాఘాతము నిచ్చుట నర్సులకే నేర్పిరి. ఇట్టి ప్రత్యేక విభాగములు వచ్చిన తరువాత ఆసుపత్రి మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. యంత్రములు అవే, మందులు చాలవరకు అవే. మారినది పడక ప్రక్కనున్న మనిషి చదువు.

నేర్చినది నిలువదు

అయితే ఒకసారి నేర్చిన చదువు జీవితాంతము సరిపోదు. దీనికి రెండు కారణములు. మొదటిది, చేతి నేర్పు తరిగిపోవును. రొమ్మును నొక్కి గుండెను ఆడించు విద్యను నేర్చినవారిని మూడు మాసములకో ఆరు మాసములకో మరల పరీక్షించినచో, నొక్కు లోతు, వేగము తప్పుచుండుట పలు పరిశీలనలలో తేలినది. తరచుగా చేయనిది చేతికి గుర్తుండదు.

రెండవ కారణము ఇంకను ముఖ్యమైనది. శాస్త్రమే మారును. 2005కు ముందు చదివినవారు పదునైదు నొక్కులకు రెండు ఊపిరులు చొప్పున నేర్చిరి. ఆ సంవత్సరమునుండి అది ముప్పదికి రెండుగా మారినది. నొక్కు ఆపిన ప్రతిసారియు హృద్ధమనులలో పీడనము పడిపోవునని, అది మరల పెరుగుటకు కొన్ని నొక్కులు వ్యర్థమగునని తెలియుటయే ఇందుకు హేతువు. ఇప్పుడు పెద్దలకు నిమిషమునకు 100 నుండి 120 మార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున నొక్కవలెను.

మరియొక ఉదాహరణము ప్రాణవాయువు. గుండెపోటుతో వచ్చిన ప్రతివానికి ముక్కునకు గొట్టము తగిలించుట దశాబ్దములపాటు మారని ఆచారము. కండరమునకు ప్రాణవాయువు చాలనప్పుడు ఎక్కువ ఇచ్చుట మేలని తోచుట సహజము. కాని 2017లో ప్రకటింపబడిన స్వీడను పరిశోధన ఆరువేలకు పైగా రోగులను పరిశీలించి, రక్తములో ప్రాణవాయువు శాతము 90 లేక అంతకు మించియున్న వారికి దీనివలన అదనపు లాభమేమియు లేదని తేల్చినది. శాతము తగ్గినవారికి మాత్రమే అది అవసరము. గుడ్డిగా ఇచ్చు అలవాటు పోయి, కొలిచి ఇచ్చు అలవాటు రావలెను.

గొట్టము పంపు దారి కూడ మారినది. మునుపు తొడ మొదట నున్న ధమనిద్వారా పంపెడివారు. పని ముగిసిన తరువాత ఆ చోట గట్టిగా నొక్కి, రోగిని గంటల తరబడి కదలక పరుండనిచ్చెడివారు. లోలోపల రక్తము కారి పొత్తికడుపు వెనుక చేరుటయే అచ్చటి పెద్ద భయము. 1989లో కెనడాలో, 1992లో హాలండులో మణికట్టు ధమనిద్వారా ఈ పని చేయవచ్చునని నిరూపించిరి. నేడు ఎక్కువ చోట్ల ఇదే పద్ధతి. రోగి లేచి కూర్చుండగలడు. కాని నర్సు క్రొత్త విషయములు గమనింపవలెను. మణికట్టు పట్టీ అతిగా బిగించినచో ధమని శాశ్వతముగా మూసికొనును. వదులైనచో రక్తము కారును. ఎప్పుడెంత గాలి వదలవలెనో, వ్రేళ్ల రంగును, వెచ్చదనమును ఎట్లు చూడవలెనో తొడ పద్ధతి మాత్రమే నేర్చినవారికి తెలియదు.

పది తీగల పాఠము

ఇ.సి.జి. కాగితము సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగముతో నడచును. చిన్న గడి యొకటి సెకనులో ఇరువదియైదవ వంతు. గుండె విద్యుత్తును పన్నెండు వైపులనుండి చూచుటకు పది తీగలు చాలును. ఈ పది తీగలను సరియైన చోట అతికించుట సులభమని తోచును. కాని పొరపాట్లు తరచు ఇచ్చటనే జరుగును. రొమ్ముపై మొదటి రెండు తీగలు నాలుగవ ప్రక్కటెముకల సందున, రొమ్మెముకకు ఇరువైపుల ఉండవలెను. ఒక సందు పైకి పోయినచో లేని జబ్బు ఉన్నట్లు కనుపించవచ్చును. కుడి ఎడమ చేతుల తీగలు తారుమారైనచో మొదటి లీడులోని గీతలు తలక్రిందులగును. మొదటి ఇ.సి.జి. మామూలుగా నున్నను నొప్పి తగ్గనిచో కొద్దిసేపటికి మరల తీయవలెను. గుండెపోటు గుర్తులు ఒక్కొక్కప్పుడు ఆలస్యముగ బయటపడును. మధుమేహము ఉన్నవారిలో, వృద్ధులలో, స్త్రీలలో నొప్పికి బదులు ఆయాసము, వాంతి, నీరసము మాత్రమే కనుపించవచ్చును. 'గ్యాసు నొప్పి' యని మాత్ర ఇచ్చి పంపబడువారు ఇందు ఉందురు.

టెక్నీషియను చేతిలో భౌతికశాస్త్రము

ఆసుపత్రులలో 'క్యాత్‌ల్యాబ్' అని పిలుచు గదిలో వైద్యుని ప్రక్కన నిలుచునది టెక్నీషియను. ఇతని పని సగము వైద్యము, సగము భౌతికశాస్త్రము.

గుండెలోని పీడనమును కొలుచు సాధనము రోగి రొమ్ము మధ్య ఎత్తున నుండవలెను. అది పది సెంటీమీటర్లు క్రిందికి దిగినచో ఏమగును? పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు. పది సెంటీమీటర్ల నీటి స్తంభము ఏడు మిల్లీమీటర్లకు పైగా పాదరస స్తంభమునకు సమానము. అంత పీడనము లెక్కలో అదనముగా చేరును. బృహద్ధమనిలో 120 చూపవలసిన చోట 127 చూపినచో పెద్ద ప్రమాదము లేదు. కుడి కర్ణికలో మామూలు పీడనము 2 నుండి 6 మాత్రమే. అచ్చట ఏడు కలిసినచో ఆరోగ్యవంతుడు రోగిగా కనుపించును. బల్లను ఎత్తిన ప్రతిసారి సాధనపు మట్టము సరిచూచుకొనవలెనను నియమము వెనుకనున్నది ఈ చిన్న లెక్కయే.

తెరపై పీడనపు అల యొక్కసారి చదునైనచో, గొట్టపు కొన హృద్ధమని నోటిని మూసివేసినదని అనుమానింపవలెను. అట్టి సమయమున రంగుమందు ఎక్కించినచో గుండె వణకు లయలోనికి పోవచ్చును. వైద్యుని చూపు అప్పుడు ఎక్సురే తెరపై నుండవచ్చును. అలను చూచినవాడు వెంటనే నోరు తెరచి చెప్పవలెను. పెద్ద వైద్యునికి చెప్పుటకు జంకని ధైర్యము కూడ శిక్షణలో భాగమే. గొట్టములో గాలిబుడగలు లేకుండ చూచుట, వాడిన రంగుమందు పరిమాణము లెక్కించుట, మూత్రపిండములు బలహీనముగ నున్నచో ముందుగా హెచ్చరించుట కూడ టెక్నీషియను పనిలోనివే.

ఎక్సురే కిరణములు కంటికి కనుపించవు. రోగి శరీరమునుండి చెదరిన కిరణములే గదిలోని వారికి తగులును. దూరము రెట్టింపైనచో తీక్షణత నాలుగవ వంతునకు తగ్గును. కావున ఒక అడుగు వెనుకకు వేయుట మంచి రక్షణ. సీసపు కవచము, మెడపట్టీ, కంటి అద్దములు, వేలాడు తెర తప్పనిసరిగ వాడవలెను. మన దేశములో అణుశక్తి నియంత్రణ మండలి నియమము ప్రకారము ఈ పనిచేయువారికి సోకు వికిరణము అయిదేండ్ల సగటున సంవత్సరమునకు 20 మిల్లీసీవర్టులు మించరాదు. ఏ ఒక్క సంవత్సరమునందును 30 మించరాదు. కొలత బిళ్లను ధరింపక బల్లసొరుగులో పెట్టినచో కాగితముపై లెక్క తక్కువగా నుండును; శరీరము మాత్రము తన లెక్క తాను వ్రాసికొనును.

మన రాష్ట్రములో

నర్సు విద్యకు 1947 చట్టముతో ఏర్పడిన భారత నర్సింగు మండలి, దానికి తోడు రాష్ట్ర మండలి ప్రమాణములు నిర్ణయించుచున్నవి. రాష్ట్ర పారామెడికల్ బోర్డు పరిధిలో ఇంటర్మీడియెటు తరువాత క్యాత్‌ల్యాబ్ టెక్నీషియను డిప్లొమా కలదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్యవృత్తుల చట్టము దేశమంతట ఇట్టి వృత్తులకు ఒకే విధమైన విద్యాప్రమాణములు, నమోదు పట్టికలు ఉండవలెనని నిర్దేశించినది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వంటి చోట్ల హృద్రోగ విభాగము, నర్సింగు కళాశాల ఒకే ఆవరణలో నున్నవి.

2005 ఆగస్టు 15న 108 వాహనములు, 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిదప పేదవారికిని గుండె చికిత్స చేరువైనది. 2023 సెప్టెంబరులో రాష్ట్ర ఆరోగ్యశాఖ, భారత వైద్య పరిశోధన మండలి కలసి గుండెపోటునకు ఒక క్రొత్త ఏర్పాటు మొదలుపెట్టినవి. దానిలో పెద్ద ఆసుపత్రి చక్రపు కుంభము వంటిది. చిన్న ఆసుపత్రులు ఆకుల వంటివి. చిన్న ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.ని పెద్ద ఆసుపత్రి నిపుణుడు దూరమునుండియే చూచి చెప్పగా, టెనెక్టెప్లేజు అను గడ్డ కరగించు మందును అక్కడనే ఉచితముగ ఇత్తురు. ఇది ఒక్క సూదిమందుగా ఇచ్చునది. మోతాదు శరీరపు బరువును బట్టి యుండును. ఈ మందు గుండెలోని గడ్డనే కాక, రక్తము కారకుండ ఆపవలసిన గడ్డను కూడ కరగించును. సుమారు నూటికి ఒకరిలో మెదడులో రక్తము కారవచ్చును. ఇటీవల శస్త్రచికిత్స జరిగినదా, పక్షవాతము వచ్చినదా, రక్తపోటు అతిగా నున్నదా అని పట్టిక చూచి అడుగు బాధ్యత చాలవరకు నర్సుది. ఒక ప్రశ్న మరచినచో మందే విషమగును.

ఎట్టి చదువు కావలెను?

సంవత్సరమునకొకసారి నగరములో సభ జరిపి, ఉపన్యాసములు చెప్పి, హాజరుపత్రము చేతికిచ్చి పంపుట నిత్యవిద్య అనిపించుకొనదు. ఆ దినము ఆసుపత్రిలో రాత్రి పాళీ చేసి వచ్చిన నర్సు ఉపన్యాసములో కునుకు తీసినచో తప్పు ఆమెది కాదు. తక్కువ సమయము, తరచు సాధన అను పద్ధతి మేలు. నెలకొకసారి పదునైదు నిమిషములు బొమ్మపై రొమ్ము నొక్కుట, వారమునకొక ఇ.సి.జి. కాగితము గోడకు అంటించి చర్చించుట. విద్యుదాఘాత యంత్రమును ప్రతి పాళీ మొదటను పరీక్షించుట. వీనికి పెద్ద ఖర్చు లేదు.

వీనిలో మిక్కిలి ఫలవంతమైనది తమ ఆసుపత్రి లెక్కను తామే చూచుకొనుట. రోగి ఏ గంటకు వచ్చెను, ఇ.సి.జి. ఏ గంటకు తీసిరి, మందు ఏ గంటకు ఇచ్చిరి అని మూడు అంకెలు ఒక పుస్తకములో వ్రాసిన చాలును. ఆలస్యమెచ్చట జరిగెనో దానంతట అదే తెలియును. ఒకచోట ఇ.సి.జి. యంత్రము తాళము వేసిన గదిలో నుండవచ్చును. ఒకచోట చీటీ వ్రాయించుకొను వరుసలో రోగి నిలబడియుండవచ్చును. నిందించుటకు కాక, నేర్చుకొనుటకు ఈ చర్చ జరుగవలెను. నింద భయమున్నచోట అంకెలు సత్యము చెప్పవు.

భాష మాట కూడ మరువరాదు. నర్సులు, టెక్నీషియన్లు పలువురు పదవ తరగతి వరకో, ఇంటర్మీడియెటు వరకో తెలుగులో చదివినవారు. యంత్రముల పుస్తకములన్నియు ఇంగ్లీషులో నున్నవి. 'ఎందుకు' అనునది తమ భాషలో తెలిసినవారికి 'ఎట్లు' అనునది మరపునకు రాదు. సాధనపు మట్టము లెక్క, కిరణముల దూరపు లెక్క తెలుగులో చెప్పుటకు వీలుగానివి కావు.

ఆ వేకువజాము రైతును మరల తలచుకొందము. అతనికి ఎదురువచ్చిన నర్సు నిరుటి సభలో హాజరుపత్రము పొందినదా యన్నది అతనికి అక్కరలేదు. పది నిమిషములలో తీగలు సరియైన చోట అతికించినదా, గీత పైకి లేచినదని గుర్తించినదా, ప్రశ్నల పట్టిక చదివి మందు ఇచ్చినదా యన్నదే కావలెను. ఆ మూడును జరిగినచో నిమ్మకోతల కాలమునకు అతడు తోటలో నుండగలడు.